కబురు చెప్పని పన్ను

పుంగనూరులో ఒక నూనె మిల్లుకు వేరుశనగ కొనిపెట్టడం నా పని. రైతు బస్తా విప్పగానే రెండు గింజలు కుడి దవడన వేసి కొరికేవాణ్ణి. పెళుసుగా విరిగితే ఎండినట్టు, సాగి నలిగితే పచ్చి. ఆ తేడా చెవికి అందేది కాదు, పంటి మొదట్లో తెలిసేది. తేమ కొలిచే మిషను మా సావుకారు కొనలేదు. "నీ పండ్లుండాయి గదప్పా, ఇంగ మిషను యాల?" అనేవాడు. నా ఒంట్లో జీతం తెచ్చే భాగం అదొక్కటే గనుక నేనూ గర్వపడ్డాను.

తొంభైల నడుమ ఆ దవడన చిగుళ్లు వాచాయి. బ్రష్షు తగిలితే రక్తం. మా అమ్మ చూసి, "నెత్తురొచ్చే తావ యాల రుద్దుతాండావు నాయినా, మానేదాకా ఇడిసిపెట్టు" అంది. సబబుగానే తోచింది. గీరుకుపోయిన మోకాలిని ఎవరూ రుద్దరు కదా. ఆ వైపు తోమడం మానేశాను. వాపు పెరిగింది. ఇంకా శ్రద్ధగా మానేశాను.

మదనపల్లెలో పళ్ల డాక్టరు అద్దం పెట్టి, గట్టిపడిన గార చూపించాడు. ఇంటి గోడలకు గార పూయించే స్తోమత లేకపోయినా పళ్లకు మాత్రం దిట్టంగా పూయించుకున్నాను. ఆయన దాన్ని గీకి తీసి, "రక్తమొచ్చే చోటే మెత్తగా తోమాల. పాచి పోతేనే అది ఆగేది" అన్నాడు. అమ్మ మాట ఏళ్ల తరబడి విన్నవాణ్ణి, ఆయన మాట పది రోజులు విన్నాను.

రెండు వేలు దాటాక ఆ దవడ పళ్లు ఊగి రాలిపోయాయి. ఎడమవైపు అప్పటికే ఖాళీ. కుప్పం పళ్ల ఆసుపత్రిలో దవడ ఎముకలోకి మరమేకు దించి, కొన్ని నెలలకు దానిమీద పన్ను బిగించారు. జీవితంలో నేను ఎగ్గొట్టకుండా కట్టించుకున్న పన్ను అదొక్కటే. "ఇది పుచ్చదు గదా అని వదిలేయొద్దండీ. చుట్టూ పాచి చేరితే కింద ఎముక కరిగిపోతుంది" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

ఆ ఏడు కోతలకు మిల్లుకొచ్చి గింజ కొరికాను. నలిగింది, అంతే. ఎండిందో పచ్చిదో తెలియలేదు. సొంత పన్ను కిందినుంచి కబురు పంపేది. ఇది ఎముకకు నేరుగా అతుక్కుని మూగగా కూర్చుంది. సోమల ఊరినుంచి బస్తా తెచ్చిన రైతు నా ముఖంలోకి చూశాడు.

"ఏమప్పా, ఎండిండాయా లేదా?"

"ఎండిండాయి" అన్నాను.

ఆ ఏడంతా అలాగే అన్నాను. ఎండలు బాగా కాసి నన్ను కాపాడాయి. పన్ను మెల్లగా పని నేర్చుకుంటుందని ఎదురుచూశాను. ఎక్కడ కదులుతుందోనన్న భయంతో దాని దరిదాపులకు బ్రష్షును పోనివ్వలేదు. తెలిసి తెలిసీ అదే తప్పు రెండోసారి చేశాను.

మరుసటి ఏడు కోతలప్పుడు వాన పడింది. నేను ఎండాయన్న బస్తాలు గోదాములో బూజు పట్టాయి. అప్పటికే మరమేకు చుట్టూ చీము. కుప్పంలో డాక్టరమ్మ దాన్ని వేళ్లతోనే కదిపి చూసి, "తీసేయాలండీ. మళ్లీ పెట్టడానికి ఎముక లేదు" అంది.

సావుకారుకు అప్పుడు చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ముందే సెప్పింటే ఒక మిషను కొనుండేవాణ్ణి గదప్పా. నిన్ను నమ్మి సూడకుండా సరుకు దించినాను."

మర్నాడే కొన్నాడు. నన్ను గేటు దగ్గర లారీ నంబర్లు రాయడానికి కూర్చోబెట్టాడు. రైతులు నన్ను దాటి లోపలికి పోతూ, "ఏమప్పా, బాగుండావా?" అంటారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాగుండానంటాను. ఆ మాటను ఇప్పుడు ఎవరూ నమ్మి నష్టపోరు.