రత్నమ్మక్క చూడని ఉప్పు

రత్నమ్మక్క ఇక లేదన్న కబురు సోమవారం పొద్దున మా శాలిబండ మందిరం గుమ్మంలోనే విన్నాను. చేతిలోని బైబిలు తెరిచాను గానీ, ఏ వాక్యం దగ్గరా చూపు ఆగలేదు. ఇప్పటికీ ఆగడం లేదు.

తొంభైలలో సంఘం రేకుల షెడ్డులో మొదలైన నాటి నుంచి, శుక్రవారపు ఉపవాస ప్రార్థన ముగిశాక మేము తినే బగారా అన్నం, దాల్చా ఆమె చేతివే. వండేవాళ్లూ ఉపవాసమే కనుక మా దగ్గర ఎవరూ రుచి చూడరు. ఆమె ఉడుకుతున్న దాల్చా గంజు మీదికి వంగి, ఆవిరి పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేది. "గరిటె నాలిక్కి తగిలితే ఉపవాసం ఏడుంటది తమ్ముడూ? దేవుడు ముక్కిచ్చిండు గద" అనేది. ఒక్కనాడూ తప్పలేదు.

భారీ మనిషి. మాంసం కొట్టు భాయ్ "రత్నమ్మా, నువ్వొస్తే గల్లీ జామ్ అయితది" అని ఆటపట్టిస్తే, "నన్ను చేసేనాడు దేవునికి మట్టి కరువు లేకుండె భాయ్. నువ్వు తూకం సరిగ్గ పెట్టు" అనేది. కానీ అందరూ మోకరించినప్పుడు తానొక్కతే కుర్చీలో ఉండవలసి రావడం ఆమె భరించలేకపోయింది. "రాజు ముందల కుర్సీల కూసున్నట్టుంటది తమ్ముడూ."

బరువు తగ్గితేనే మోకాళ్లు వంగుతాయన్నారు. చార్మినార్ దగ్గర ఒక డాక్టరు ముక్కులో కొట్టుకునే మందు ఇచ్చాడు. వాసన తెలియకపోతే ఆకలి పుట్టదట. నిజంగానే పుట్టలేదు. ఆమె సన్నబడింది. ఒక ఆదివారం కుర్చీ పక్కకు జరిపి మోకరించింది. సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆనాటి ఆమె ముఖాన్ని చూసినవారెవరూ మరువలేరు.

తర్వాత మందు మానేసింది. వాసన తిరిగి రాలేదు, ఆకలీ రాలేదు. శుక్రవారం వంటలో ఉప్పు చేతి అలవాటు మీదే వేసేది. పళ్లెం ముందు కూర్చుని "మన్ను బుక్కినట్టుంది" అని లేచేది. మాకది దీర్ఘోపవాసంలా కనిపించింది. స్త్రీల కూడికలో ఆమెను ఆదర్శంగా చూపారు. "ఉపవాసం కాదమ్మా, నాకు ఆకలైతలేదు" అని ఆమె చెబితే, అదీ వినయమే అనుకున్నాం.

ఎముకల గూడై ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు నన్ను అడిగింది: "నేనడిగింది మోకాళ్లే గద తమ్ముడూ. ఆకలెందుకు తీస్కపోయిండు?" వాక్యం చెప్పడం నా పని. ఆమె మోకాళ్ల మీద దుప్పటి సర్దాను.

ఆమె ఆసుపత్రిలో ఉన్నన్ని శుక్రవారాలూ వంట మానేసి అరటిపళ్లతో సరిపెట్టుకున్నాం. నిన్న, ఆమె పోయాక వచ్చిన మొదటి శుక్రవారం, దాల్చా మేమే వండాం. ఒకరి తర్వాత ఒకరం గంజు మీదికి వంగి ఆవిరి పీల్చాం. ఎవరికీ ఏమీ తెలియలేదు. చివరికి పాస్టరుగారి భార్య గరిటె నాలుకకు తాకించుకుంది. మా సంఘంలో ఉప్పు చూడటం అదే మొదలు.

"సప్పగుంది" అంది.

ఉప్పు డబ్బా పక్కనే ఉన్నా ఎవరి చెయ్యీ లేవలేదు. అలాగే వడ్డించారు. అలాగే తిన్నాం.