పెద్దమ్మ మోకాలు

ఈ రోజు పొద్దున కూడా లెక్క సగంలో ఆగిపోయింది. కృత్రిమ మోకాళ్లకు కంప్యూటర్లో నమూనాలు కట్టడం నా పని. పైన లోహపు ముక్క, కింద ప్లాస్టిక్ ముక్క. మోకాలు వంగుతుంటే అవి ఎక్కడ ఆనుకుంటాయో, ఎంత రాసుకుంటాయో చూడాలి. రాపిడి తగ్గిస్తే జారిపోతాయి, పెంచితే పట్టేసుకుంటాయి. ఒక్కోసారి అంత గట్టి ముక్కలూ నీళ్లలా ఒకదాన్లో ఒకటి దూరిపోతాయి. మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేక కుర్చీలో వెనక్కి వాలితే పెద్దమ్మ గుర్తొచ్చింది.

కప్పగల్లు ఊళ్లో మిరపచేలల్లో వంగి వంగి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాక, ఆ ఎండాకాలం సత్యనారాయణపేటలో మా ఇంట్లోనే ఉంది. ఫ్యాను కింద నా పక్కన కూర్చుని, వక్కాకు నములుతూ నా కంప్యూటర్ని టీవీలా చూసేది. "పాపం, ఎవరి కాలో!" అని మొదటిరోజు జాలిపడింది. ముక్కలు దూరిపోయినప్పుడల్లా "మళ్లా పాయెనా!" అని నాకన్నా ముందే నొచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం అడిగింది. "పాపా, నాకు ఏసేదీ ఇట్లాదేనా?"

"ఇట్లాదే పెద్దమ్మా."

"కింద కూకోనీకి అయితాదా? సుమ్నె, ఊరికే ధైర్యానికి చెప్పొద్దు."

తెరమీది మోకాలిని ఇంకా మడిచాను. కొంత వంగాక అంచు గీరుకుంది. "నడుస్తావు, మెట్లెక్కుతావు. కింద కూకోవడం మాత్రం కాదేమో."

"అందరూ కింద కూకుంటే నేనొక్కదాన్నే దొరసాని మాదిరి పైన కూకోవాల్నా?" అని నవ్వింది గానీ, ఆ సాయంత్రం కాఫీ ముట్టలేదు. ఆడవాళ్లతో కలిసి నేలమీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీయడం తప్ప ఆమెకు వేరే సరదా లేదని నాకు తెలుసు. మర్నాడు లేస్తూనే తనే అంది: "చేపిచ్చుకుంటాలే. నడవకుంటే వాళ్ల కాడికి పొయ్యేదెట్ల?"

ఆపరేషన్ బాగానే జరిగింది. మిరప కోతలప్పుడు ఆమెను చూడ్డానికి కప్పగల్లు వెళ్లాను. ఘాటుకు తుమ్ముతూ కళ్లం చేరేసరికి, ఎర్రటి రాశి చుట్టూ ఆడవాళ్లు, పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో పెద్దమ్మ. అందరికన్నా పెద్ద గొంతు ఆమెదే. కాయల కోసం వంగింది, చెయ్యి అందలేదు. పక్కనున్నామె మాట ఆపకుండానే ఇన్ని కాయలు పెద్దమ్మ ఒళ్లోని చాటలో పోసింది.

అలా కొన్ని కోతలు గడిచాయి. ఇప్పుడామె లేదు. కాలం మనిషిని ఒక్కసారిగా తీసుకుపోదు కాబోలు; ముందు నేలమీద చోటు తీసుకుంటుంది, తరవాతెప్పుడో కుర్చీ కూడా.