అద్దం మీద ఆవిరి

మా కెమిస్ట్రీ మేడమ్ మొన్న బుచ్చయ్యపేటలో తన ఇంట్లోనే కన్నుమూశారు. చోడవరం కాలేజీలో ఆవిడ దగ్గరే చదువుకుని, ఆవిడ రిటైరయ్యాక అదే ల్యాబ్ చూసుకుంటున్నవాణ్ణి.

మా ల్యాబ్‌లో వాయువుల్ని విడదీసి కొలిచే యంత్రం ఒకటుంది. అందులో చిన్న హైడ్రోజన్ మంట వెలుగుతుంది, కంటికి కనబడదు. పైన అద్దంముక్క పట్టుకుంటే ఆవిరి కమ్ముతుంది. “బతికే ఉందర్రా!” అని మేడమ్ మురిసిపోయేవారు. ఆ యంత్రం పాడైతే మా కాలేజీకి మరొకటి రాదు. అందుకని గుమ్మంలో నిలబడి అందరి చేతులూ వాసన చూసేవారు. క్లోరోఫామ్, బ్లీచింగ్, ఏ వాసన తగిలినా వెనక్కే. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు చేతులూ వాసన చూసే ఉంటారని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

“మంటలో క్లోరిన్ పడితే యాసిడ్ పుడతాది బాబూ. లోపలున్న లోహాన్ని మెల్లగా తినేస్తాది. ఒక్కరోజులో తెలీదు, అదే దాని దొంగబుద్ధి,” అనేవారు.

ఒకసారి పెద్ద అతిథులు వస్తున్నారని ప్రిన్సిపాల్ గారు వరండా అంతా బ్లీచింగ్ వేసి కడిగించారు. ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. మేడమ్ యంత్రం ముట్టుకోలేదు.

“కాసేపు నడిపి చూపించండమ్మా, పరువు పోతుంది,” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

“ఈ గాలే కదా సార్ మంటకి పోతాది. పరువు రేపైనా తెచ్చుకుందాం. మిషన్ ఎక్కణ్ణించి తెస్తాం?”

అతిథులు ముసుగేసిన యంత్రాన్ని చూసి వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ గారు చాన్నాళ్ళు మేడమ్‌తో ముభావంగానే ఉన్నారు. మాకు మాత్రం ఆవేళ మేడమ్‌ని చూస్తే ఛాతీ పొంగిపోయింది. దేవరాపల్లి, రోలుగుంట నుంచి బస్సుల్లో వచ్చిన మాలాంటివాళ్ళు ఎందరో ఆ యంత్రం మీద చెయ్యి తిరిగాకే పెద్ద ల్యాబుల్లో ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

అంత్యక్రియలయ్యాక మేడమ్ ఇంటి చుట్టూ నేనే బ్లీచింగ్ చల్లాను. మర్నాడు పిల్లలకి ప్రాక్టికల్ ఉందని పొద్దున్నే కాలేజీకి వచ్చాను. నా దగ్గర చదివి, ఇప్పుడు నాతో పనిచేస్తున్న అమ్మాయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మేడమ్‌ని ఒక్కసారైనా చూడని అమ్మాయి.

“సేతులు సూపించండి సార్.”

చాపాను. వాసన చూసి తల అడ్డంగా ఊపింది.

“బ్లీచింగ్ సార్. మీరీవేళ బైటే ఉండండి. నేను సూసుకుంటాను.”

కళ్ళనీళ్ళు ఆగలేదు, గర్వంతోనే. తలుపు అద్దంలోంచి చూస్తూ వరండాలో నిలబడ్డాను. లోపల ఆ అమ్మాయి మంట ముట్టించి, మేడమ్ వాడిన అద్దంముక్కనే పైన పట్టుకుంది. దాని మీద ఆవిరి మెల్లగా కమ్ముకుంది.