ఖాళీగా ఉండాల్సిన తొట్టి

ఆ వీధిలో ఆమెను అందరూ స్కేలమ్మ అంటారు. ఇళ్ళ ప్లాన్లు గీసి, ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చిపెట్టడం ఆమె వృత్తి. ఆ పని నేర్చుకునే రోజుల్లో ఇంట్లో కాగితం పరుచుకునే చోటు కూడా ఉండేది కాదు. వీధి చివర, పల్లంలో, ఒంటి గదిలో అద్దెకుండే టైలరమ్మ తన కత్తిరింపుల బల్లను ఆమెకు వదిలేది. "గీసుకోవే పిల్లా. నా కత్తెర ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతా," అనేది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆనాటి నుంచి ఆమె స్కేలమ్మకు పిన్ని అయింది.

అదే వీధి ఎగువన అక్కా బావా కొత్త ఇల్లు తలపెట్టారు. ప్లాను బాధ్యత మరదలి నెత్తిన పడింది. అంతవరకూ అది ఖాళీ జాగా. ఎంత వాన పడినా అక్కడి మట్టే తాగేసేది. ఇప్పుడు గోడ నుంచి గోడకు టైల్సు, పైన స్లాబు. మందుకైనా మట్టి కనబడదు. మరి ఆ వాన ఎక్కడికి పోవాలి? అందుకే స్కేలమ్మ కారు నిలిపే చోటు కింద ఒక తొట్టి గీసింది. మిద్దె మీది నీళ్ళు, వాకిటి నీళ్ళు అందులోకి దిగుతాయి. అడుగునున్న సన్నటి గొట్టంలోంచి తీరిగ్గా వీధి కాలువలోకి పోతాయి. వాన వెలిశాక తొట్టి ఖాళీ అయిపోవాలి, మళ్ళీ వచ్చే వానకు చోటుండాలి.

బావకు అది మింగుడు పడలేదు.

"ఏమ్మా మరదలా, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో ఇంత సంపు కట్టించి ఖాళీగా పెట్టుకోమంటావా? నలుగురూ వింటే నవ్విపోతారు."

"అది సంపు కాదు బావా, వాన తొట్టి. ఖాళీగా ఉండటమే దాని పని."

"ఖాళీగా ఉండటం కూడా పనేనా? అయితే మీ తమ్ముడు బాగా కష్టపడుతున్నట్టే!"

అక్క కిసుక్కున నవ్వింది. స్కేలమ్మకూ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఆమె పట్టు సడలింది. చివరికి బావ ఒక్కటే అడిగాడు, అడుగు గొట్టానికి ఒక వాల్వు పెట్టమని. "ఎండాకాలం మూసి కుళాయి నీళ్ళు పట్టుకుంటా, వానాకాలం తెరిచే ఉంచుతాలే. నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

పరాయివాళ్ళు అడిగితే కుదరదని ముఖం మీదే చెప్పేది. బావ అడిగాడు కాబట్టి ఆఫీసుకిచ్చే ప్లానులో వాల్వు చూపించకుండా, మేస్త్రీకి నోటిమాటగా చెప్పింది. నియమాలను మనం ఇలాగే చంపుతాం. శత్రువుల కోసం కాదు, మొహమాటం కోసం.

వానాకాలం వచ్చింది. బావ వాల్వు తెరవలేదు. కుళాయి నీళ్ళతో నిండిన తొట్టిని ఏ చేతులతో పారబోస్తాడు? పెద్ద వాన పడిన మధ్యాహ్నం ఆ తొట్టిలో చెంబెడు నీళ్ళకు కూడా చోటు లేదు. మూత పక్కల నుంచి పొంగి, గేటు కింద నుంచి దూకి, వాన వానంతా వీధి పల్లానికి పారింది.

స్కేలమ్మ పరుగున వెళ్ళేసరికి టైలరమ్మ గదిలో మోకాళ్ళ లోతు నీళ్ళు. కుట్టు మిషను మోటారు మునిగిపోయింది. కుట్టమని ఇచ్చిన వాళ్ళ బట్టలు రంగులు కలిసి ముద్దయ్యాయి.

"ఇన్నేళ్ళలో గడప దాటి ఎప్పుడూ రాలేదే. ఈ వానకేం పుట్టిందో!" అంటూ టైలరమ్మ బట్టలు పిండుతోంది.

స్కేలమ్మ ఆమె చేతిలోని బట్ట రెండో కొస పట్టుకుంది. "వానది కాదు పిన్నీ తప్పు," అని మొదలుపెట్టి తొట్టి సంగతి, వాల్వు సంగతి అంతా చెప్పేసింది.

పిన్ని తిడుతుందనుకుంది. తిడితే బాగుండేది.

"నీకు ముందే తెలుసా, నీళ్ళు ఇటే వస్తాయని?"

"తెలుసు."

"అయితే ఒక్క మాట చెప్పాల్సింది కదే. మోటారు ఊడదీసి అటక మీద పెట్టుకునేదాన్ని." అంతే అంది. మళ్ళీ పిండటంలో పడింది.

స్కేలమ్మ బావకు ఎదురు చెప్పలేకపోయింది, సరే. పిన్నికి చెప్పడానికి అడ్డమేమొచ్చింది? పల్లంలో ఉండేవాళ్ళను అడగాలని, వాళ్ళకు చెప్పాలని మనకు తోచదు. ప్లాను మన ప్రహరీ గోడతోనే ఆగిపోతుంది.

మోటారు బాగుచేయిస్తానంటే టైలరమ్మ వద్దంది. గోడల చెమ్మ ఆరకముందే గది ఖాళీ చేసి, ఊరి అవతలెక్కడో మెట్టన ఉన్న గదికి మారిపోయింది. సామాను బండికెక్కించేటప్పుడు స్కేలమ్మ ఒక చెయ్యి వేయబోతే, "నీ పని చూసుకో అమ్మా," అంది. ఎప్పుడూ పిల్లా అనే మనిషి.

ఇప్పుడు మబ్బు పట్టిందంటే స్కేలమ్మ అక్క ఇంటికి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా వంగి ఆ వాల్వు తిప్పుతుంది. "వచ్చిందండీ మబ్బుల ఇన్‌స్పెక్టరు," అంటాడు బావ. ఆమె నవ్వదు. తొట్టి ఖాళీ అయ్యేదాకా మెట్ల మీద కూర్చుంటుంది. తర్వాత పల్లం దాకా నడిచి వెళ్ళి, ఆ గదిలోకి కొత్తగా దిగినవాళ్ళ తలుపు తట్టి చెబుతుంది:

"వాన వచ్చేలా ఉంది. కింద ఏమైనా ఉంటే పైన పెట్టుకోండి."

ఈమె ఎవరో, ఎందుకు చెబుతోందో వాళ్ళకు తెలియదు. తలూపి తలుపేసుకుంటారు.