గాలి మిగలని గొట్టం

ప్రయోగశాలలో ఆ రాగి గొట్టం రెండోసారి కూడా ఓడిపోయింది. హీటరు నూరు వాట్లకు చేరగానే మీటరు తొంభై ఎనిమిది డిగ్రీలకు, ఆపైన నూట మూడుకు ఎగబాకింది. పులివెందుల ఇంజనీరింగ్ కళాశాలలో పరిశోధన చేస్తున్న శిల్ప స్విచ్చి ఆపేసింది.

చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, సోలార్ బోరు మోటార్లను నడిపే పెట్టెలు వేసవిలో వేడెక్కి ఆగిపోతాయి. వాటిని చల్లబరిచే ఫ్యాన్లలో దుమ్ము పేరుకుంటుంది. అందుకే ఫ్యాను లేకుండా వేడిని మోసే ఈ గొట్టం. వేడి తగిలిన చోట లోపలి ద్రవం ఆవిరై, రెండో కొసన ఉన్న రేకు రెక్కల దగ్గర చల్లారి, మళ్లీ ద్రవమై తనంతట తానే వెనక్కి రావాలి. రెండు వందల వాట్ల దగ్గర ఎనభై అయిదు డిగ్రీలు దాటకూడదు. దాన్ని అతికింది ప్రొద్దుటూరు ఏసీ మెకానిక్ అబ్దుల్ వాహిద్. కువైట్ మేడల మీద పంతొమ్మిదేళ్లు ఎండలో నిలబడి, ఇతరుల గదుల్లోకి చలికాలాన్ని పంపిన మనిషి.

"శుక్రవారం దాటితే మా గైడు సార్ గొట్టాన్ని బెంగళూరులో చేయించుకుంటాడు మామా" అంది శిల్ప, పక్కనే నిలబడిన వాహిద్‌తో.

"అతుకు కారతాందా?"

"లేదు. రెండుసార్లు చూసినా."

వాహిద్ గొట్టాన్ని అరచేతుల్లోకి తీసుకున్నాడు. కిటికీ వెలుగు రాగి మీద నెమ్మదిగా జారింది.

"తప్పు నాదేమ్మా. గాలి లాగే వాక్యూం పంపు పెట్టలేదు."

"ఏందీ?"

"ఆడ మేడల మీదికి పంపు ఎవురు మోస్తారు? ఒక పక్క గ్యాస్ వదిలి, ఇంకో పక్క గాలిని తరిమేసేవాళ్లం. ఈడా అట్లనే ఆవిరితో తరిమినా."

"నాకు చెప్పలేదే?"

"పంతొమ్మిదేండ్లు పని చేసినోడు నీకు యాడ చెప్తాడు?"

శిల్పకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఇంత చిన్న గొట్టంలో రవ్వంత గాలి మిగిల్నా ఆవిరికి అడ్డం పడతాది మామా."

మర్నాడు వాహిద్ ప్రొద్దుటూరులో పంపును ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు.

"దానికీ టికెట్ కొట్టల్లా?" అన్నాడు కండక్టరు.

"కొట్టప్పా. కిటికీ సీటు ఇయ్యి."

గొట్టం కోసి, శుభ్రం చేసి, మళ్లీ అతికాడు. పంపు సన్నగా మూలుగుతూనే ఉంది. మధ్యాహ్నం శిల్ప "చాల్లే మామా" అంది. "చాలదమ్మా" అని సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాడు. తర్వాతే లోపల ఆవిరయ్యే ద్రవం, ఎసిటోన్, కొలిచి ఎక్కించి, మూతి మూసేశాడు.

శుక్రవారం హీటరు వేశారు. నూరు వాట్లకు యాభై తొమ్మిది. నూటయాభైకి డెబ్బై ఒకటి. రెండు వందలకు డెబ్బై ఎనిమిది, ఎనభై, ఎనభై రెండు. అక్కడ నిలిచింది. గంట గడిచినా కదల్లేదు. రాగి లోపల ఎవరికీ కనిపించని వాన కురుస్తూ, ఆవిరవుతూ, మళ్లీ కురుస్తూ ఉంది.

"సార్‌కు ఫోన్ చేస్తా" అంటూ శిల్ప లేచింది.

"ముందు నేను చేసిన తప్పు నీ పుస్తకంలో రాయి" అన్నాడు వాహిద్. "ఇంకో గొట్టం ఎవురు చేసినా పంపు పెట్టకుండా మూతి మూయకూడదు."