తల మీద చెయ్యి

నిన్న ఇస్త్రీ బండి దగ్గర గంజి పెట్టిన ఖాకీ చొక్కా వాసన తగిలింది. నాకు ఏడేండ్లున్నప్పటి భయం మళ్ల యాదికొచ్చింది.

మా నాయిన మెదక్‌ల కానిస్టేబుల్. ఎక్కడనో గొడవలైతున్నయని పోలీసోళ్లను బందోబస్తుకు పంపుతున్న వారం అది. ఆదివారం చర్చిల పాస్టరయ్య, "పోలీసోళ్లు జర ముందుకు రాండ్రి" అని పిలిచిండు. నలుగురు పోయి మోకాళ్ల మీద కూసున్నరు. అందులో నాయిన ఒకడు. సంఘపెద్దలు వాళ్ల తలల మీద చేతులు పెట్టి ప్రార్థన మొదలుపెట్టిండ్రు.

అంతకుముందు అట్ల చేతులు పెట్టింది మంచం పట్టిన మా ముసలవ్వ తల మీద. తెల్లారేసరికి అవ్వ లేదు. చచ్చిపోయేటోళ్లకే ఇట్ల చేస్తరని నేననుకున్న.

ఉరికిపోయి పాస్టరయ్య చెయ్యి పట్టి గుంజిన.

"తియ్యుండ్రి అయ్యగారూ! మా నాయిన చచ్చిపోతడు!"

ప్రార్థన ఆగిపోయింది. ఎవ్వరూ నవ్వలేదు. నాయిన నన్ను దగ్గరికి తీసుకుండు. ఆయన అరచెయ్యి చెమటతోని తడిసి ఉంది.

"చచ్చిపోవద్దనే పెడుతున్నరు బిడ్డా" అన్నడు.

పాస్టరయ్య నా చెయ్యి పట్టుకొని నాయిన తల మీద పెట్టిండు. "నువ్వు గూడ పెట్టు" అన్నడు. ప్రార్థన అయిపోయినా నేను తియ్యలేదు.

బందోబస్తుకు పోయిన నాయిన నాలుగో రోజు మోచేతికి కట్టుతోని ఇంటికొచ్చిండు.

చర్చిల గుసగుసలాడితేనే తొడపాశం పెట్టే మా అమ్మ, ఆ రోజు పక్కనే ఉండి నన్నెందుకు ఆపలేదో అప్పుడు తెల్వలేదు. ఆమెకు గూడ ఉరికి రావాల్ననే ఉండెనేమో.