ఇంకొకరి పేరు మీది బండి

పాత డీజిల్ బండి కొనడానికి వచ్చినవాడు తెలివిగలవాడైతే ముందు తాళం అడగడు, పొద్దున్నే వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెడతాడు. వెచ్చగా ఉందంటే అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి పెట్టారని, చల్లగా ఉన్నప్పుడు లేవని రోగమేదో దాస్తున్నారని అర్థం. నా బండి మీద ముగ్గురు అట్లా చెయ్యి పెట్టి చూశారు. ముగ్గురికీ చల్లగానే తగిలింది. దాచే యుక్తి నాకు తెలియక కాదు, దాచాలనిపించలేదు.

నాకు సంతకం పెట్టేంత చదువే. బండి చదువు మాత్రం చెవితో, ముక్కుతో వచ్చింది. తాళం తిప్పితే టక్ టక్ మని ఊరుకుందనుకో, అందరూ బ్యాటరీ కొత్తది వెయ్యమంటారు. ముందు తీగలు బిగించిన చోట తెల్లగా ఉప్పు పట్టిందేమో చూడాలి. వేడినీళ్లతో కడిగి, ఆరినాక వ్యాజిలిన్ రాసి బిగిస్తే చాలాసార్లు అదే లేస్తుంది. పొగ నల్లగా వస్తే గాలి జల్లెడ మూసుకుపోయిందని, నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ మూత తీసి చూడాలి. మూత లోపల మజ్జిగ మీద వెన్నలాంటిది కనబడిందంటే ఇంజన్‌లోకి నీళ్లు దిగినట్టే, ఆ బండి జోలికి పోవద్దు. వానాకాలం నిలబెట్టే బండికి చేతి బ్రేకు వెయ్యకూడదు, పట్టుకుపోతుంది. గేర్‌లో ఉంచి చక్రానికి రాయి పెట్టాలి. నిలబెట్టిన బండిలో దూరి తీగలు కొరికే ఎలుకలకైతే ఇప్పటికీ నాకు మందు తెలియదు.

ఇవన్నీ నేర్పింది కోరుట్లలో మా సందు చివర ఉండే మెకానిక్ భాయ్. నేర్చుకోవాల్సిన గతి పట్టించింది నా భర్త.

ఆయన దుబాయిలో ఒక సేఠ్ ఇంట్లో డ్రైవర్‌గా చేసి, వీసా రద్దయి వచ్చేశాడు. గల్ఫ్ పోయేవాళ్లను హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు చేరవేసే కిరాయిలు మా దిక్కు ఎప్పుడూ ఉంటాయి కదా, ఒక పాత కారు కొన్నాడు. అమ్మినతను గొల్లపల్లి దగ్గరి ఊరివాడు, తనకూ వీసా వచ్చింది, మూడు రోజుల్లో విమానం. పేరు మార్పించే తీరిక లేదు. రెండేళ్లకు సెలవు మీద వస్తాడు కదా, అప్పుడు మార్చుకుందామని ఇద్దరూ మాట అనుకున్నారు. మా దగ్గర అట్లా మాట మీద చేతులు మారిన బండ్లు ఎన్నో. నా భర్త ఆ బండిలోనే ఆయన్ని ఎయిర్‌పోర్టులో దించి వచ్చాడు. సంతకం చెయ్యాల్సిన మనిషిని తన చేతులతోనే విమానం ఎక్కించి వచ్చాడన్నమాట.

రెండేళ్లు కాకముందే మా ఆయన గుండె ఆగి పోయాడు. అక్కడ బండి అమ్మినతను, తన సేఠ్ పెట్టే బాధ పడలేక పాస్‌పోర్టు వదిలి బయటపడి, దొంగచాటుగా పని చేసుకుంటున్నాడని తెలిసింది. మా దగ్గర అట్లాంటివాళ్లను ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయినవాడు విమానం ఎక్కలేడు, ఎంబసీకి పోయి కాగితం రాయించలేడు. ఇక్కడ ఆర్టీవో ఆఫీసులో మాత్రం బండి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే రావాలన్నారు. కొనేవాళ్లు ముగ్గురూ అన్నీ చూసి, చివరికి కాగితం అడిగి వెళ్లిపోయారు.

సిరిసిల్లలో మా తమ్ముడు బట్టలు కుట్టే షెడ్డులో నాకు ఒక మిషను మాట్లాడి పెట్టాడు. నెలాఖరు దాకా ఆపుతామన్నారు. నాకు ఆ మిషను కావాలి, ఆ ఊరు కావాలి. కానీ కోరుట్లలో మేముండేది కిరాయి ఇల్లు. ఇంటామె, బండి వాకిట్లో వదిలి పోతే సామాను బయట పెట్టనివ్వనంది. తమ్ముడి సందులో ఆటోనే కష్టంగా దూరుతుంది, కారుకు చోటెక్కడిది. డ్రైవింగ్ నాకు రాదు. ఒకరి పేరు మీది ఇనుముకు నేను కావలి ఉన్నాను.

భాయ్ అప్పుడప్పుడు వచ్చి బానెట్ ఎత్తి చూసి, ఇక రాబోయేవన్నీ కరెంటు బండ్లేనని, తన పానాలు, సుత్తెలు పాత ఇనుము తూకానికి పోతాయని బాధపడేవాడు. సిరిసిల్లలో కరెంటు ఆటోలు నేనూ చూశాను. చప్పుడు లేకుండా పక్కనుంచి పోతాయి. నాకు అవి నచ్చలేదు. మూలగని దాని రోగం ఎట్లా తెలుస్తుంది? అయినా అది డీజిలు తాగనీ, కరెంటు తాగనీ, కాగితం మీద పేరు పేరే. ఎంత కొత్త బండి వచ్చినా ఆ చిక్కు తీరదని చెప్పాను.

భాయే ఒక దారి చెప్పాడు. ముక్కలు కోసి పాత సామాన్ల దుకాణానికి ఇచ్చేద్దాం, వాళ్లు కాగితం అడగరు, కానీ బండి ఎవరి పేరు మీద ఉందో ఆయన నోటితో సరేననాలి, రేపు వచ్చి దొంగతనం కేసు పెడితే ఇద్దరం పోతాం అన్నాడు. ఆయన ఫోన్ చేసేది తన ఇంటికే, అందుకని జగిత్యాలలో బస్సు మారి గొల్లపల్లి దిక్కు పోయాను.

ఆయన భార్య అరుగు మీద బీడీలు చేస్తోంది. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టి చాటలో పడేసింది. నేను వచ్చానని ఆమె చెప్పగానే, నాతో ఒక్కదానితోనే మాట్లాడాలని ఆమెను కొంచెం పక్కకు పొమ్మన్నాడు.

"పోతున్న," అంది ఆమె. కదల్లేదు. బండి కోయించి అమ్ముకోనా అని నేను అడిగాను.

"వదినె, బండి కోసుకోండ్రి. నా తొవ్వ సూడకుండ్రి."

"గట్లంటవేంది తమ్మీ. ఎప్పుడన్న రావా?"

"రాను వదినె. నాకు ఈడనే బతుకు అయింది. మా ఇంటిదానికి చెప్పలే, మీరు గుడ చెప్పకుండ్రి."

బండి కోసుకొమ్మన్న మాటే నాకు కావాల్సింది, అంత దూరం పోయింది దానికోసమే. నేను ఆమె మొఖం చూడలేక చాట వైపు చూశాను. ఆమె వేళ్లు ఆగలేదు. ఫోన్ పెట్టేశాక చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, తెంపి, అప్పుడు మాట్లాడింది.

"అక్కా, బండి ఉన్నన్ని దినాలు కాగితాల మీద దస్కత్ పెట్టనీకన్న రా అని అడుగుతున్న. బండి పోతె ఇగ ఏం చెప్పి రమ్మనాలె?"

ఆమె చాయ్ పెట్టింది, తాగి వచ్చేశాను.

కోరుట్లలో దిగేసరికి భాయ్ దుకాణం ముందే ఉన్నాడు. సరేనన్నాడా అని అడిగాడు.

"వస్తడట భాయ్," అన్నాను.

"ఎప్పుడట?"

"రెండు నెలలకు."

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఆ దుకాణంలో కూర్చుని అట్లాంటి రెండు నెలలు ఎన్ని విన్నాడో.

"అయితె టైర్లు ఇప్పి ఇటుకల మీద నిలవెడుదమక్కా. ఒక్క కాడ్నే ఉంటె టైర్లు పగుల్తయి."

తమ్ముడికి ఫోన్ చేసి మిషను ఎవరికన్నా ఇచ్చెయ్యమన్నాను. ఎందుకని గట్టిగా అడిగాడు, నేను చెప్పలేదు, చెబితే తిడతాడు. ఇంటామె వాకిట్లో నిలబడి తన మాట తను అంటూనే ఉంది. భాయ్ జాకీ పెట్టి ఒక్కో మూల లేపాడు. వెనక గోడ దగ్గర ఇటుకలు ఉంటే నేనే మోసుకొచ్చి, నాలుగు మూలలకూ ఎత్తు సమానంగా ఉందో లేదో వంగి చూసుకుంటూ పేర్చాను.